అనంతగిరి కొండ నుంచి ఆరోగ్య ఉపకేంద్రం దాకా: ఛాతీ వైద్యం ఊరికి నడిచిన దారి

శంకర్‌పల్లి మండలంలోని మోకిలను ఈనాటి పాఠకులు విల్లాల ఊరుగా ఎరుగుదురు. 2023లో హెచ్‌ఎండీఏ అక్కడి స్థలాలను వేలం వేసినప్పుడు ఆ పేరు పత్రికల్లో మారుమోగింది. వైద్య చరిత్ర కోసం పటం తెరిచినవారికి మాత్రం ఈ ఊరు మరొక విధంగా కనిపిస్తుంది. దీనికి తూర్పున, నగరం అంచున, ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి ఉన్నది. పడమట, మూసీ నది పుట్టిన అనంతగిరి కొండల్లో, వికారాబాదు క్షయ ఆసుపత్రి ఉన్నది. చేవెళ్ళ, మొయినాబాద్, శంకర్‌పల్లి ప్రాంతపు పల్లెలన్నీ ఈ రెండు ఆసుపత్రుల నడుమ ఉన్నవే. ఊపిరితిత్తుల జబ్బు పట్టిన మనిషి అటు కొండకో ఇటు నగరానికో పోవలసిందే తప్ప, ఆ జబ్బు తెలిసిన వైద్యుడు అతని ఊరివైపు రావడమన్నది చాలాకాలం ఎవరి ఊహకూ అందని సంగతి. ఆ ఊహ ఎప్పుడు పుట్టిందో, ఎంతవరకు నిజమైందో, ఎక్కడ ఆగిపోయిందో చెప్పడానికే ఈ వ్యాసం.

నిజాం కాలంలో క్షయరోగులకు కొండమీది అడవిని ఎంచుకోవడం వెనుక అప్పటి వైద్యశాస్త్రమే ఉన్నది. 1850లలో జర్మన్ వైద్యుడు హెర్మాన్ బ్రెమర్ మొదలుపెట్టిన శానిటోరియం పద్ధతికి మూలసూత్రాలు మూడే: మంచి గాలి, మంచి తిండి, పూర్తి విశ్రాంతి. మన దేశంలో మొదటి శానిటోరియం 1906లో అజ్మీరు దగ్గర తిలౌనియాలో వెలిసింది. తెలుగునాట ఆ పద్ధతికి పెద్దదిక్కు మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం. డెన్మార్కు దేశస్థుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ నాయకత్వంలో మిషనరీ సంఘాలన్నీ కలిసి నెలకొల్పిన ఆ వైద్యశాల 1915 నుంచి రోగులను చేర్చుకున్నది. అనంతగిరికి రోగులను చేర్చడానికి రైలు సిద్ధంగా ఉన్నది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు వేసిన నిజాం రైలు మార్గం శంకర్‌పల్లి మీదుగానే వికారాబాదుకు పోతుంది.

ఎర్రగడ్డ సంగతి వేరు. నవాబ్ ఫక్రుల్ ముల్క్ కట్టించిన ఇర్రమ్ నుమా అనే భవనం కాలక్రమంలో క్షయరోగుల వైద్యశాల అయింది. విలాసం కోసం కట్టిన విశాలమైన గదులు, వసారాలు గాలి కావలసిన రోగులకు అక్కరకు వచ్చాయి. ఎర్రగడ్డ అనగానే మనవారికి ముందుగా మానసిక వైద్యశాల గుర్తుకు రావడం వల్ల ఛాతీ రోగులు పడిన ఇబ్బంది ఇంతా అంతా కాదు. "ఎర్రగడ్డకు పోతున్నా" అని చెప్పుకోలేక, నిమ్స్‌కో ఉస్మానియాకో పోతున్నామని బంధువులతో బొంకిన రోగులను నా సర్వీసులో ఎందరినో చూశాను.

శానిటోరియంలో ఒక మేలున్నది, ఒక పరిమితి ఉన్నది. రోగి నెలల తరబడి నిపుణుని కళ్ళెదుట ఉండేవాడు. కానీ పడక దొరికినవారికే ఆ భాగ్యం. క్షయరోగులు లక్షల్లో ఉన్న దేశంలో పడకలు వేలల్లో ఉంటే, వైద్యం ఒక అదృష్టంగా మిగిలిపోతుంది. పైగా నిపుణుని జ్ఞానం కొండ దిగేది కాదు. రోగి ఇంటికి వెళ్ళిన తరువాత అతనిని చూసే ఊరి వైద్యునికి ఆ జబ్బు గురించి ఏమీ తెలియదు, తెలియజెప్పే ఏర్పాటూ లేదు.

ఈ స్థితిని తలకిందులు చేసినది మద్రాసులో జరిగిన ఒక ప్రయోగం. 1956లో అక్కడ నెలకొన్న క్షయ రసాయన చికిత్సా కేంద్రంలో బ్రిటిష్ వైద్యుడు వాలెస్ ఫాక్స్, భారతీయ సహచరులు కలిసి 193 మంది రోగులను చీటీలు వేసినట్లుగా రెండు భాగాలు చేశారు. ఒక భాగం శానిటోరియంలో చేరింది. రెండవ భాగం మద్రాసు మురికివాడల్లోని తమ ఇరుకు ఇళ్ళలోనే ఉండిపోయింది. ఇద్దరికీ ఇచ్చిన మందులు ఒకటే: ఐసోనియాజిడ్, పాస్. ఇంట ఉన్నవారికి తిండి తక్కువ, విశ్రాంతి తక్కువ, గాలి అసలే లేదు. సంవత్సరం తిరిగేసరికి రెండు భాగాల ఫలితాలూ దాదాపు సమానంగా వచ్చాయి. ఇంట్లో ఉన్న రోగి వల్ల కుటుంబసభ్యులకు అదనంగా జబ్బు సోకిన దాఖలా కూడా కనిపించలేదు. 1959లో ఈ ఫలితాలు వెలువడ్డాక ప్రపంచమంతటా శానిటోరియంల అవసరం క్రమంగా తీరిపోయింది.

ఈ ప్రయోగాన్ని మందుల విజయంగా చెప్పుకోవడం రివాజు. నా దృష్టిలో అందులోని అసలు సంగతి మరొకటి. ఇంట్లో ఉన్న రోగిని ఆ కేంద్రం వదిలివేయలేదు. మందు మింగుతున్నాడా లేదా అని ఇంటికి వెళ్ళి చూసేవారు, మాత్రలు లెక్కపెట్టేవారు, మూత్రం పరీక్షించి మందు జాడ వెదికేవారు. అంటే కొండమీది పడకను తీసివేశారు గాని నిపుణుల పర్యవేక్షణను తీసివేయలేదు. ఈ రెండవ సగాన్ని మన ప్రభుత్వాలు పలుమార్లు మరచిపోయాయి.

దానిని మరచిపోని సంస్థ ఒకటి బెంగుళూరులో పుట్టింది. 1959లో వెలసిన జాతీయ క్షయ సంస్థ, క్షయ వైద్యాన్ని సాధారణ ఆసుపత్రుల ద్వారా పల్లెలకు చేర్చే మార్గాన్ని వెదికింది. ఆ సంస్థలో సమాజ శాస్త్రవేత్త స్టిగ్ ఆండర్సన్, డాక్టర్ దేవబర్ బెనర్జీ కలిసి తుమకూరు జిల్లాలో చేసిన అధ్యయనం 1963లో వెలువడింది. పల్లెటూరి వారికి జబ్బు గురించి స్పృహ లేదని, వారే వైద్యానికి రారని అప్పటివరకు పట్టణ వైద్యుల నమ్మకం. తుమకూరులో తేలినది వేరు. క్షయరోగుల్లో అత్యధికులకు తమ లక్షణాల స్పృహ ఉన్నది. దాదాపు సగం మంది అప్పటికే ఏదో ఒక వైద్యశాల గడప తొక్కారు. అక్కడ వారికి దక్కినది దగ్గు మందు సీసా!

లోపం రోగి అజ్ఞానంలో లేదు, అతను వచ్చిన చోట తెలిసినవారు లేకపోవడంలో ఉన్నది. ఈ ఒక్క వాక్యం మీదనే 1962 నాటి జాతీయ క్షయ కార్యక్రమం నిలబడింది. దాని నమూనాను ముందుగా పరీక్షించిన జిల్లా మన అనంతపురం. జిల్లా కేంద్రంలో శిక్షణ పొందిన ఒక బృందం ఉంటుంది: వైద్యాధికారి, ప్రయోగశాల సహాయకుడు, ఎక్స్‌రే సహాయకుడు, చికిత్సను పర్యవేక్షించేవాడు, లెక్కలు రాసేవాడు. ఆ బృందం రోగులందరినీ తన దగ్గరకు పిలిపించుకోదు. తానే ప్రాథమిక కేంద్రాలకు వెళ్ళి, తెమడ పరీక్ష చేయడం నేర్పి, రికార్డులు సరిచూసి, సందేహాలు తీర్చి వస్తుంది. ఆ సంస్థ రూపుదిద్దుకున్న తొలినాళ్ళలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున మన క్షయ కార్యక్రమంలో పనిచేసిన హాఫ్డన్ మాలర్ అనే యువ వైద్యుడు తరువాత ఆ ప్రపంచ సంస్థకే అధిపతి అయ్యాడు. 1978లో అల్మా ఆటాలో ప్రాథమిక వైద్యం అన్న మాటను ప్రపంచ నినాదంగా మార్చినది ఆయన హయాములోనే. ఆయనా డెన్మార్కు వాడే. మన క్షయ చరిత్రకూ ఆ చిన్న దేశానికీ ఉన్న బంధం ఆశ్చర్యం కలిగిస్తుంది.

కాగితం మీద అందంగా ఉన్న జిల్లా కార్యక్రమం మందుల కొరతతో, ఖాళీ ఉద్యోగాలతో మూడు దశాబ్దాల్లో నీరసించింది. 1993లో సవరించిన కార్యక్రమం ప్రయోగాత్మకంగా మొదలై 1997 నుంచి దేశమంతటికీ విస్తరించింది. దీనిలో లక్ష జనాభాకు ఒక సూక్ష్మదర్శిని కేంద్రం, అయిదు లక్షలకు ఒక క్షయ యూనిట్. ఆ యూనిట్‌కు ఇద్దరు పర్యవేక్షకులు, వారికి చెరొక మోటారుసైకిల్. ఒకరు రోగుల కార్డులు చూస్తారు, మరొకరు ప్రయోగశాల గాజు పలకలను తిరిగి పరీక్షిస్తారు. ప్రాథమిక కేంద్రంలో పనిచేసిన వైద్యులందరికీ ఆ మోటారుసైకిళ్ళ చప్పుడు గుర్తుండే ఉంటుంది. వారు వస్తున్నారంటే ల్యాబు సహాయకుడు రిజిస్టరు సర్దుకునేవాడు. తనిఖీ అంటే చిరాకు పడేవాళ్ళం గాని, మా చేతికింద పనిలో నాణ్యత నిలిచినది దాని వల్లనే.

ఈ దశలో హైదరాబాదు చేసిన పని దేశానికే దారి చూపింది. నగరంలో దగ్గుతో బాధపడే మనిషి సర్కారు ఆసుపత్రికి ముందుగా వెళ్ళడు, వీధి చివరి ప్రైవేటు వైద్యుని దగ్గరకు వెళతాడు. 1995 నుంచి మహావీర్ ఆసుపత్రిలో డాక్టర్ కె.జె.ఆర్. మూర్తి ఈ వాస్తవాన్ని అంగీకరించి ఒక ఏర్పాటు చేశారు. చుట్టుపక్కల ప్రైవేటు వైద్యులు అనుమానమున్న రోగులను మహావీర్‌కు పంపుతారు. పరీక్ష, నిర్ధారణ అక్కడ ఉచితంగా జరుగుతాయి. తరువాత రోగి తన ఇంటి దగ్గరి చిన్న ఆసుపత్రిలోనే మందు మింగుతాడు. తమ రోగి తమకే తిరిగి వస్తాడు గనుక ప్రైవేటు వైద్యులకు అభ్యంతరం లేకపోయింది. కొన్నేళ్ళలోనే ఈ ఏర్పాటు అయిదు లక్షల జనాభాకు విస్తరించింది. దాని ఫలితాలు 2001లో అంతర్జాతీయ క్షయ పత్రికలో వెలువడ్డాయి. నిపుణుడు మధ్యలో, సాధారణ వైద్యులు చుట్టూ, రోగి తన వీధిలో. సర్కారు, ప్రైవేటు రంగాలు కలిసి పనిచేయడమనే మాట మన దేశంలో చలామణీ కావడానికి ఈ హైదరాబాదు అనుభవం ఒక ముఖ్య కారణం.

ఇంతవరకు చెప్పినదంతా ఒక్క జబ్బు కథ. దగ్గుతో ప్రాథమిక కేంద్రానికి వచ్చిన పదిమందిలో ఒకరికి తెమడలో క్షయ క్రిములు కనబడతాయి. అతనికి పేరు, నంబరు, కార్డు, ఉచిత మందు, వెంటబడి అడిగే మనిషి అన్నీ ఉంటాయి. మిగిలిన తొమ్మిదిమంది చీటీ మీద "నెగటివ్" అని రాసి ఉంటుంది. ఆ తొమ్మిదిమంది ఏమయ్యారు?

వారిలో కొందరిది మామూలు దగ్గు, అదే తగ్గుతుంది. కొందరిది ఉబ్బసం. మరికొందరు ముప్ఫై ఏళ్ళు కట్టెల పొయ్యి ఊదిన ఆడవాళ్ళు. చుట్ట, బీడీ తాగిన మగవాళ్ళు. తాండూరు బండలను సానపట్టే మిల్లుల దుమ్ములో, ఇటుక బట్టీల పొగలో బతికిన కూలీలు. వీరిని పీడించేది దీర్ఘకాలిక శ్వాసనాళ అవరోధ వ్యాధి, వైద్యుల వాడుకలో సీఓపీడీ. ఇంకొక వర్గం ఉన్నది, అందరికన్నా దయనీయమైనది. ఒకప్పుడు క్షయ వచ్చి, పూర్తి మందు వాడి, "నయమైంది" అని కార్యక్రమం లెక్కలో నమోదైనవారు. క్రిములు పోయాయి గాని అవి చేసిన మచ్చలు ఊపిరితిత్తుల్లో మిగిలాయి. ఏళ్ళు గడిచాక ఆయాసం మొదలవుతుంది. ఎక్స్‌రేలో పాత మచ్చ చూసి మళ్ళీ క్షయ మందులు పెట్టిన సందర్భాలు తక్కువ కావు. అప్పుడు ఆ మనిషికి అక్కరలేని మందులు అందుతాయి, అక్కరకు వచ్చే మందు అందదు.

లెక్కలు చూస్తే సమస్య పరిమాణం తెలుస్తుంది. 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వెలువడిన అంచనాల ప్రకారం మన దేశంలో సీఓపీడీ రోగులు 1990లో 2.81 కోట్లు, 2016 నాటికి 5.53 కోట్లు. ఆ వ్యాధి భారంలో సగానికి పైగా, అంటే 53.7 శాతం, వాయు కాలుష్యం వల్ల, 25.4 శాతం పొగాకు వల్ల; 16.5 శాతం వృత్తిపరమైన దుమ్ము, పొగల వల్ల. పొగాకు ముట్టని ఇల్లాలికి ఈ జబ్బు ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉన్నది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం, 2016లో కేంద్రపు ఉజ్జ్వల పథకం గ్యాసు పొయ్యిని పేదల ఇంటికి తెచ్చాయి. మంచిపనే. అయితే 1999కి ముందు పాతికేళ్ళు పీల్చిన పొగను ఏ సిలిండరూ వెనక్కి తీయలేదు. ఆ వయసు స్త్రీలు ఇప్పుడు అరవైలు, డెబ్బైలు దాటి, వాకిలి ఊడ్చి ఆయాసంతో కూలబడుతున్నారు. ఇంట్లోవారు దానిని వయసు మీదికి నెట్టివేస్తున్నారు.

వైద్యం లేనిచోట ఆశ ఊరికే ఉండదు. ఏటా మృగశిర కార్తె నాడు హైదరాబాదులో బత్తిని కుటుంబీకులు పంచే చేప ప్రసాదం కోసం దేశం నలుమూలల నుంచి ఉబ్బస రోగులు వస్తారు. 1845 నుంచి ఇస్తున్నామని ఆ కుటుంబం చెబుతుంది. అది జబ్బును తగ్గిస్తుందనడానికి శాస్త్రీయమైన ఆధారం లేదు. కానీ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో పిల్లలను భుజాన వేసుకుని నిలబడే ఆ వరుసను వెక్కిరించే ముందు, ఏడాది పొడుగునా ఆ రోగి సొంత ఊరిలో అతనికి దొరికినదేమిటో చూడాలి. దొరికినది ఆర్ఎంపీ ఇచ్చే డెరిఫిల్లిన్, డెక్సా సూదులు. ఆ పూటకు ఊపిరి ఆడుతుంది. నెలల తరబడి వాడిన స్టెరాయిడ్లు ఎముకలను గుల్ల చేస్తాయి, చక్కెరను పెంచుతాయి. అదే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ద్వారా మైక్రోగ్రాముల్లో వెళితే ఉబ్బసాన్ని అదుపులో ఉంచుతుంది. "ఇన్‌హేలర్ అలవాటు పడితే మానలేము" అన్న భయాన్ని పోగొట్టడానికి పది నిమిషాల మాట చాలు. ఆ పది నిమిషాలే కరువు.

ఊపిరి కొలిచే స్పైరోమీటరును ఇంగ్లండులో జాన్ హచిన్సన్ 1846లో లోకానికి చూపాడు. మన చేప ప్రసాదం, ఆ యంత్రం ఇంచుమించు ఒకే వయసువి! నిండుగా గాలి పీల్చి, గొట్టంలోకి బలంగా, ఆరు సెకన్లకు తగ్గకుండా ఊదాలి. ఊదిన మొత్తం గాలిలో మొదటి సెకనులో వచ్చినది ఎంత అన్నది కొలత. శ్వాసనాళాలను వెడల్పు చేసే మందు పీల్చిన తరువాత కూడా అది 70 శాతానికి తక్కువగా ఉంటే నాళాలు ఇరుకైనట్లు. కోవిడ్ పుణ్యమా అని 2020 తరువాత వేలికి తగిలించే ఆక్సీమీటర్ ఆశా కార్యకర్త చేతికి కూడా వచ్చింది. అది స్పైరోమీటరుకు బదులు కాదు. సీఓపీడీ తొలి దశల్లో ఆక్సిజన్ మామూలుగానే ఉంటుంది, ఆక్సీమీటర్ 97 చూపించి ఇంటికి పంపుతుంది. అది ఉపయోగపడేది చివరి దశలో. విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా 88కి దిగిన రోగికి రోజుకు కనీసం 15 గంటలు ఆక్సిజన్ ఇస్తే ఆయుర్దాయం పెరుగుతుందని 1980, 1981లో అమెరికాలో, బ్రిటన్‌లో జరిగిన పరీక్షలు తేల్చాయి. ఎవరికి అవసరం, ఎవరికి కాదు అన్నది నిర్ణయించడానికే నిపుణుడు కావాలి. రోజూ చూసుకోవడానికి ఊరి వైద్యుడు చాలు.

ఈ పంపకాన్ని ఇతర దేశాలు ఎలా చేశాయో చూడవచ్చు. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ విశ్వవిద్యాలయపు ఊపిరితిత్తుల సంస్థ, దగ్గుతో వచ్చిన ప్రతివారినీ క్షయ, ఉబ్బసం, సీఓపీడీ అన్న తేడా లేకుండా ఒకే వరుస ప్రశ్నలతో పరీక్షించే పద్ధతిని తయారుచేసి, ప్రాథమిక కేంద్రాల నర్సులకు వారి చోటనే నేర్పింది. 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన దాని ఫలితాల్లో క్షయను గుర్తించడమూ పెరిగింది, ఉబ్బసానికి సరైన ఇన్‌హేలర్ ఇవ్వడమూ పెరిగింది. అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రంలో 2003లో డాక్టర్ సంజీవ్ అరోరా కాలేయ రోగుల కోసం మరొక పద్ధతి మొదలుపెట్టారు. వారానికొకసారి పల్లె వైద్యులు వీడియోలో కలిసి తమ రోగుల వివరాలు చెబుతారు, నిపుణులు సలహా ఇస్తారు. మూడు నాలుగు నెలల్లో పల్లె వైద్యుడే సగం నిపుణుడవుతాడు.

మన దగ్గర ఈ-సంజీవని ఉన్నది. 2019 నవంబరులో ఆరోగ్య కేంద్రాల్లో దీనిని ముందుగా ప్రారంభించినది ఆంధ్రప్రదేశ్. ఉపకేంద్రంలోని సిబ్బంది తెర మీద వైద్యునితో మాట్లాడిస్తారు. మంచి సాధనమే గాని, తెర అవతల ఉన్నది ఎక్కువగా సాధారణ వైద్యుడు. రోగి ఒక్కసారి కనిపించి మాయమవుతాడు. వచ్చే నెల అదే వైద్యుడు అదే రోగిని అడిగే ఏర్పాటు, అంటే ఆ మోటారుసైకిల్ పర్యవేక్షకుడు చేసిన పని, అందులో లేదు. ఇన్‌హేలర్ పట్టుకునే తీరు ప్రతిసారీ చూడవలసినది. తెరమీద ఒకసారి చూపితే సరిపోదు.

2015 జనవరిలో తెలంగాణ మంత్రివర్గం ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిని అనంతగిరికి తరలించి, ఆ స్థలంలో సచివాలయం కట్టాలని నిర్ణయించింది. రోగులకు కొండగాలి మంచిదన్న వాదన అప్పుడు మళ్ళీ వినబడింది. 1959లో మద్రాసులో తేలిపోయిన సంగతి 2015లో హైదరాబాదులో కొత్తగా చర్చకు వచ్చింది! నిరసనలు వచ్చాయి, ప్రతిపాదన అటకెక్కింది, సచివాలయం పాత చోటనే కట్టి 2023 ఏప్రిల్ 30న తెరిచారు. ఆసుపత్రి ఎక్కడుండాలన్న దాని మీద అంత చర్చ జరిగింది గాని, రెండు ఆసుపత్రుల నడుమనున్న పల్లెల దగ్గరకు ఆ వైద్యులు నెలకొకసారైనా ఎలా రావాలన్న దాని మీద నేను చదివిన పత్రికల్లో ఒక్క వ్యాసమూ కనిపించలేదు.

ఇప్పుడు మోకిల పరిసరాల్లో వైద్య కళాశాలలకు కొదవ లేదు. మొయినాబాద్ మండలం ఎన్కేపల్లిలో భాస్కర్ వైద్య కళాశాల, చేవెళ్ళలో పట్నం మహేందర్ రెడ్డి పేరిట మరొకటి ఉన్నాయి. ఒక్కొక్క కళాశాల చుట్టుపక్కల పది ఉపకేంద్రాలను దత్తత తీసుకుని, నెలకొక రోజు ఛాతీ వైద్యుని, ఒక స్పైరోమీటరును జీపులో పంపడం అసాధ్యమేమీ కాదు. అయితే అదే సమయంలో, 2023లో జాతీయ వైద్య కమిషన్ కొత్త వైద్య కళాశాలలకు తప్పనిసరి అని చెప్పిన విభాగాల పట్టికలో శ్వాసకోశ వైద్య విభాగానికి చోటు దక్కలేదు. ఛాతీ వైద్యుల సంఘాలు నిరసన తెలిపాయి.

మీ ఇంటికి ఆశా కార్యకర్త ఒక ఫారం పట్టుకుని వస్తుంది. ముప్ఫై ఏళ్ళు దాటిన ప్రతివారి గురించి అందులో నింపాలి. పొగాకు వాడతారా, వంటకు ఏ చెరకు వాడతారు, పని దగ్గర పొగ, దుమ్ము ఉన్నాయా, ఆయాసం వస్తుందా అన్న ప్రశ్నలు అందులో ఉన్నాయి. చాలా ఇళ్ళలో "ఏమీ లేదమ్మా" అని పంపేస్తారు. దయచేసి సరిగ్గా చెప్పండి. ఇంట్లో పెద్దావిడ ఉంటే, ఇప్పుడు గ్యాసు మీద వండుతున్నా సరే, కట్టెల పొయ్యి మీద ఎన్నేళ్ళు వండారో కూడా చెప్పి రాయించండి. పాత క్షయ చికిత్స కాగితాలుంటే తీసి చూపించండి. తరువాత ప్రాథమిక కేంద్రానికి వెళ్ళి, ఊపిరి కొలిచే పరీక్షకు చీటీ రాసివ్వమని అడగండి.